మాన్‌స్టర్ ఫైట్ న్యాయంగానూ ఉండాలి, ప్రాణాల మీదికీ రావాలి: జీఎం ముందున్న నాలుగు దారులు

టేబుల్‌టాప్ ఆర్‌పీజీ (బల్ల చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో పాత్రలు ఆడే కథాట) నడిపే ప్రతి జీఎంకీ (గేమ్ మాస్టర్, అంటే కథనీ మాన్‌స్టర్లనీ నడిపే మనిషికి) ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది. మాన్‌స్టర్‌ని కాస్త బలంగా పెడితే పార్టీ (ప్లేయర్ల పాత్రల గుంపు) మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కాస్త తగ్గిస్తే రెండో రౌండ్‌కే అది చచ్చిపడుతుంది, టేబుల్ చుట్టూ ఎవరికీ టెన్షన్ అన్నదే ఉండదు. ప్లేయర్లు మాత్రం రెండూ కావాలంటారు. భయం వేయాలి, కానీ చనిపోతే అన్యాయంగా చనిపోయామని అనిపించకూడదు.

ఈ రెండూ కలిసి సాధ్యమేనని నా గట్టి నమ్మకం. దెబ్బ తగలకముందు ప్లేయర్లకి ఏం తెలుసు, వాళ్ల చేతిలో ఏ దారి మిగిలి ఉంది అన్నది న్యాయం. తెలిసీ ఒక దారి ఎంచుకున్నాక, దాని ఫలితాన్ని జీఎం వెనక్కి తీసుకోకపోవడం ప్రమాదం. మాన్‌స్టర్ ఎంత బలమైనదన్న ప్రశ్న ఈ రెండింటి తర్వాతే వస్తుంది.

దీనికి జీఎంలు ప్రధానంగా నాలుగు పద్ధతులు వాడుతుంటారు: బడ్జెట్ లెక్క కట్టడం, లోకాన్ని బట్టి మాన్‌స్టర్‌ని పెట్టడం, ఆట నడుస్తుండగా సర్దుబాటు చేయడం, చావు బదులు వేరే పణం పెట్టడం. మీ టేబుల్‌కి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ముందు కొలతలు చూద్దాం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది ముందస్తు సూచన. ఎదురుగా ఉన్నది ఎంత ప్రమాదకరమో పాచిక పడకముందే ప్లేయర్లకి అందుతుందా?

రెండోది బయటపడే దారి. పారిపోవడం, బేరమాడటం, చాటుగా తప్పుకోవడం లాంటివి నిజంగా పనిచేస్తాయా? మాటల్లో దారి ఉండి రూల్స్‌లో లేకపోతే అది లేనట్టే.

మూడోది దెబ్బ నిలబడటం. ఓడిపోతే ఆ ఓటమి ఓటమిగానే మిగులుతుందా? ప్లేయర్లు దీన్ని చాలా త్వరగా పసిగడతారు.

నాలుగోది జీఎం శ్రమ. సెషన్‌కి ముందు ఎంత తయారీ, సెషన్‌లో ఎంత తలనొప్పి అన్నది. వారం వారం నడిపేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

పోలిక తేలిగ్గా అర్థం కావడానికి ఒకే పార్టీని తీసుకుంటాను: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్‌లో నలుగురు మూడో లెవెల్ క్యారెక్టర్లు.

## బడ్జెట్ లెక్క

ప్రతి మాన్‌స్టర్‌కీ ఒక అంకె ఉంటుంది, పార్టీకి ఒక పరిమితి ఉంటుంది. రెండూ కలిపి చూసి ఫైట్ ఎంత గట్టిదో అంచనా వేస్తాం. కొత్త జీఎంలు ఎక్కువగా ఇక్కడే మొదలుపెడతారు, అందులో తప్పేమీ లేదు.

మన పార్టీ మీదికి ఒక ఓగర్ (భారీ రాక్షసుడు), మూడు గాబ్లిన్లు (మరుగుజ్జు రాక్షసులు) వస్తున్నాయనుకుందాం. ఓగర్‌కి 450 ఎక్స్‌పీ (ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు, ఇక్కడ ఆ అంకె ఇదే), గాబ్లిన్‌కి 50 చొప్పున, మొత్తం 600. 2014 నాటి డంజన్ మాస్టర్ గైడ్ (జీఎం రూల్ పుస్తకం) ప్రకారం ఎదురుగా నాలుగు మాన్‌స్టర్లు ఉన్నాయి కాబట్టి దీన్ని రెండుతో హెచ్చించాలి. 1,200 అవుతుంది. ఈ పార్టీకి హార్డ్ గీత 900 దగ్గర, డెడ్లీ గీత 1,600 దగ్గర ఉంటాయి. కాబట్టి ఇది హార్డ్ ఫైట్. 2024 గైడ్‌లో ఈ హెచ్చింపు తీసేశారు. అందులో ఇదే పార్టీకి ‘లో’ (తక్కువ) బడ్జెట్ 600, మోడరేట్ 900, హై 1,600. ఆ లెక్కన ఇదే ఫైట్ ‘లో’ గీత దగ్గరే ఆగిపోతుంది. వచ్చినవి అవే, ఎదుర్కొంటున్నదీ అదే పార్టీ. లేబుల్ మాత్రం పూర్తిగా మారిపోయింది.

ఇప్పుడు వాటి బదులు ఆరు షాడోలు (నీడ రూపంలోని దెయ్యాలు) పెట్టండి. ఒక్కోటి 100, మొత్తం 600, ఆరింటికీ హెచ్చింపు రెండే. 2014 లెక్కలో మళ్లీ అదే 1,200. కాగితం మీద రెండు ఫైట్లూ సమానం. ఆటలో మాత్రం పోలికే లేదు. షాడో కొట్టిన ప్రతిసారీ నాలుగు ముఖాల పాచిక వేసి అంత స్ట్రెంగ్త్ (క్యారెక్టర్ కండబలం అంకె) తగ్గించాలి. అది సున్నాకి చేరిందంటే క్యారెక్టర్ అక్కడికక్కడే చనిపోతుంది, డెత్ సేవ్‌లకి (పడిపోయినవాళ్లు బతుకుతారో లేదో తేల్చే పాచికలకి) అవకాశమే లేదు. క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి) ఎంత హీల్ చేసినా హిట్ పాయింట్లు (దెబ్బలకి తరిగే ప్రాణశక్తి) తిరిగొస్తాయి తప్ప స్ట్రెంగ్త్ రాదు, దానికి రెస్ట్ తీసుకోవాలి. స్ట్రెంగ్త్ 8 ఉన్న విజార్డ్ (మంత్రగాడు) సగటున మూడు నాలుగు దెబ్బలకి పోతుంది, పాచిక కలిసిరాకపోతే రెండింటికే. ఓగర్ దెబ్బకి పడిపోయినవాళ్లని లేపడానికి సాధారణంగా ఒకటి రెండు రౌండ్ల గడువు దొరుకుతుంది. షాడో దగ్గర ఆ గడువు లేదు.

అందుకే నా సలహా: అంకె చూశాక మాన్‌స్టర్ స్టాట్ బ్లాక్‌లో (దాని అంకెలు, శక్తుల పట్టికలో) ఒక్క ప్రశ్నకి జవాబు వెతకండి. ఇది హిట్ పాయింట్లని దాటుకుని చంపగలదా? స్ట్రెంగ్త్ పీల్చడం, రాయిగా మార్చడం, మెదడు తినేయడం లాంటివి కనిపిస్తే ఆ ఫైట్ లెక్కలో చెప్పినదానికంటే ఒక మెట్టు పైనే ఉందనుకోండి.

మొదటి లెవెల్‌ని కూడా విడిగా చూడాలి. ఎనిమిది హిట్ పాయింట్ల విజార్డ్‌కి ఓగర్ క్రిటికల్ (మామూలు కంటే ఎక్కువ డ్యామేజ్ చేసే దెబ్బ) తగిలితే సగటున 22 డ్యామేజ్. సున్నాకి దిగాక మిగిలిన డ్యామేజ్ పూర్తి హిట్ పాయింట్లకి సమానమైనా, దాటినా అదే క్షణంలో చావు. అంటే ఒకే ఒక్క రోల్‌తో, ప్లేయర్ ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోకముందే, క్యారెక్టర్ షీట్ పక్కన పెట్టేయాల్సి రావచ్చు. మొదటి లెవెల్లో ఒక్క పెద్ద మాన్‌స్టర్ కంటే రెండు మూడు చిన్నవి మేలు.

పాత్‌ఫైండర్ అనే ఇంకో గేమ్ రెండో ఎడిషన్‌లో ఈ లెక్క చాలా నమ్మదగ్గది. అందులో నలుగురి పార్టీకి మోడరేట్ 80, సివియర్ 120, ఎక్‌స్ట్రీమ్ 160. పార్టీ లెవెల్‌తో సమానమైన మాన్‌స్టర్ 40, రెండు లెవెల్స్ ఎక్కువైతే 80, రెండు తక్కువైతే 20. సివియర్ అని రాసి ఉంటే నిజంగానే చెమటలు పడతాయి. అయినా ఒక మెలిక ఉంది. రెండు లెవెల్స్ పైనున్న ఒక్క బాస్ 80, రెండు లెవెల్స్ కిందున్న నాలుగు చిన్నవీ 80. ఆ గేమ్‌లో కావలసిన అంకె కంటే పది ఎక్కువ పడితే క్రిటికల్ కాబట్టి, పై లెవెల్ బాస్ మాటిమాటికీ క్రిటికల్ కొడుతుంది, ప్లేయర్ల దెబ్బలు మాటిమాటికీ తప్పుతాయి. కొన్ని టేబుళ్లకి అది థ్రిల్, కొన్నింటికి విసుగు. చిన్నవి నాలుగు వస్తే ప్లేయర్లు వీరుల్లా ఫీలవుతారు.

లెక్క పట్టించుకోని ఇంకో విషయం విశ్రాంతి. 2014 నియమాలు రోజుకి ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఫైట్లు ఉంటాయని ఊహించుకుని రాసినవి. మీ సెషన్లలో రోజుకి ఒకే ఫైట్ అయితే ప్లేయర్లు విశ్రాంతితో తిరిగొచ్చే పెద్ద స్పెల్స్ అన్నీ ఆ ఒక్కదాని మీదే కుమ్మరిస్తారు. డెడ్లీ అని రాసుకున్నది తుస్సుమనడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇంత చేసినా మొదటి కొలతలో బడ్జెట్‌కి మార్కులు పడవు. లెక్క అంతా జీఎం నోట్‌బుక్‌లో ఉంటుంది, ప్లేయర్లకి కనిపించదు. దీర్ఘకాలంలో దీనికి ఒక దుష్ఫలితం కూడా ఉంది. ఎదురొచ్చేదంతా తమ సైజుకి కొలిచి పెట్టిందేనని ప్లేయర్లకి అర్థమైపోతే, తలుపు తెరిచేముందు చెవి పెట్టి వినడం మానేస్తారు. పారిపోవాలన్న ఆలోచనే రాదు. తర్వాత ఎప్పుడైనా మీరు నిజంగా పెద్దదాన్ని పెడితే దాని మీదికీ అలాగే దూకుతారు. ఆ తప్పు వాళ్లదని నేను అనను, అలవాటు చేసింది మనమే.

## లోకాన్ని బట్టి పెట్టడం

ఇక్కడ మాన్‌స్టర్ ఎక్కడ బతకాలో అక్కడే ఉంటుంది, పార్టీ లెవెల్ ఎంతైనా సరే. పాత వంతెన కింద ట్రోల్ ఉందంటే ఉంది. మన పార్టీకి ట్రోల్ అంటే 1,800 ఎక్స్‌పీ, డెడ్లీ గీత కంటే పైన. 2014 రూల్స్‌లో దానికి 84 హిట్ పాయింట్లు, ప్రతి టర్న్ మొదట్లో పది తిరిగొస్తాయి, నిప్పో యాసిడో తగిలితేనే ఆ రౌండ్‌కి అది ఆగుతుంది. మూడు దెబ్బలూ తగిలితే సగటున 29 డ్యామేజ్, మూడో లెవెల్ విజార్డ్ ఒక్క టర్న్‌లో నేల మీద ఉంటాడు. బడ్జెట్ పద్ధతి దీన్ని పెట్టేముందు రెండుసార్లు ఆలోచించమంటుంది. ఈ పద్ధతి పెట్టమంటుంది, కానీ ఒక షరతు మీద: ప్రమాదం ఎంత పెద్దదైతే దాని గురించిన సూచన అంత ముందుగా, అంత గట్టిగా వినిపించాలి.

ఆ ట్రోల్‌ని నేనైతే ఇలా మొదలుపెడతాను. వంతెనకి అర మైలు ముందు వేటగాళ్ల క్యాంప్ ఒకటి, ఖాళీగా. ఈటెలు విరగలేదు, వాటి మొనల మీద ముదురు ఆకుపచ్చ రక్తం ఎండిపోయి ఉంది. అంటే దెబ్బలు తగిలాయి, బాగా తగిలాయి. అయినా వేటగాళ్లు లేరు. దగ్గర్లో తెగిపడిన ఒక చెయ్యి, మనిషి చెయ్యి కంటే రెండింతలు పొడవు. చూస్తుండగా దాని వేళ్లు కదులుతాయి, నేలని గీరుతూ వంతెన వైపు పాకడం మొదలుపెడుతుంది. క్యాంప్‌ఫైర్ పక్కన పడిన ఇంకో ముక్క మాత్రం నల్లగా కాలిపోయి కదలకుండా ఉంది.

ఇందులో మూడు విషయాలు చెప్పేశాం. ఇది ఆయుధం పట్టిన మనుషుల గుంపుని చంపగలదు. నరికినా చావదు. నిప్పు పనిచేస్తుంది. ఇక ప్లేయర్లు చుట్టుదారి పట్టొచ్చు, నూనె సీసాలు పోగేసుకుని మాటు వేయొచ్చు, రాత్రిపూట నిశ్శబ్దంగా దాటడానికి చూడొచ్చు, లేదా నేరుగా వెళ్లి చావొచ్చు. ఏది జరిగినా అది వాళ్ల నిర్ణయమే.

ఇక్కడ జీఎంలు తరచూ చేసే పొరపాటు, ఇలాంటి ప్రాణం కాపాడే సమాచారాన్ని పాచిక వెనక దాచడం. పర్సెప్షన్ రోల్ (గమనించడానికి వేసే పాచిక) ఫెయిలైతే కాలిన ముక్క కనబడలేదంటే సూచన ఇవ్వనట్టే లెక్క. రోల్ అదనపు వివరాలకి పెట్టండి. అసలు హెచ్చరిక ఉచితంగా ఇచ్చేయండి. సూచనలు మరీ సున్నితంగా ఉండి ప్లేయర్లు పట్టుకోలేకపోతే సూటిగా చెప్పేయడంలో తప్పు లేదు: "మీ రేంజర్ ఇలాంటివి వేటాడిన మనిషి. ఈ పాదముద్ర చూడగానే అర్థమవుతుంది, ఎదురెదురుగా దిగితే మీ నలుగురిలో ఒకరిద్దరు పోతారు." క్యారెక్టర్‌కి తెలిసే విషయం ప్లేయర్‌కి తెలియకపోవడం వల్ల వచ్చే చావంత చేదుగా ఇంకేదీ ఉండదు.

పాత గేమ్‌లు ఈ పద్ధతికి కావలసిన పనిముట్లు రూల్స్‌లోనే ఇచ్చాయి. 1981 నాటి డీ అండ్ డీ బేసిక్ సెట్‌లో మాన్‌స్టర్ ఎదురైతే రెండు ఆరుముఖాల పాచికలు వేసి అది ఎలా స్పందిస్తుందో చూస్తారు. రెండు పడితేనే వెంటనే మీద పడుతుంది, అంటే 36లో ఒక్కసారి. మిగతా ఫలితాల్లో శత్రుత్వం నుంచి స్నేహం వరకు అన్నీ ఉన్నాయి, కాబట్టి నోరు తెరిచి మాట్లాడటానికి చోటు దొరుకుతుంది. మొరేల్ (నిలబడి పోరాడే ధైర్యం) కూడా అలాంటిదే. తమలో మొదటిది చచ్చినప్పుడు, మళ్లీ సగం మంది పడిపోయినప్పుడు పాచికలు వేస్తారు, మొరేల్ అంకె కంటే ఎక్కువ పడితే అవి పారిపోతాయి లేదా లొంగిపోతాయి. గాబ్లిన్ మొరేల్ 7 కాబట్టి ఒక్కో పరీక్షలో తోక ముడిచే అవకాశం దాదాపు 42 శాతం. ఓగర్‌కి 10, అంటే ఎనిమిది శాతమే. ఈ రెండంకెలతోనే గాబ్లిన్ ఎలాంటిది, ఓగర్ ఎలాంటిది అన్నది టేబుల్ మీద తెలిసిపోతుంది. ఏ గేమ్ నడుపుతున్నా ఈ రెండు రూల్స్‌నీ అరువు తెచ్చుకోవచ్చు, చాలా తేలిక.

కష్టం ఎక్కడంటే, తయారీ ఎక్కువ. పార్టీ ఎటు వెళ్తుందో తెలియదు కాబట్టి ప్రతి దిక్కులో ఏముందో, దాని జాడలు ఎక్కడ కనిపిస్తాయో రాసుకోవాలి. రెండోది, కనిపించిందల్లా కొట్టడానికే అని అలవాటుపడిన ప్లేయర్లు మొదటి రెండు మూడు సెషన్లలో తలపట్టుకుంటారు. ఈ లోకంలో మీకంటే పెద్దవి ఉన్నాయని ఆట మొదలుకాకముందే వాళ్లకి స్పష్టంగా చెప్పాలి.

## ఆట నడుస్తుండగా సర్దుబాటు

ఫైట్ మధ్యలో చూసి, చప్పగా ఉంటే బలం పెంచడం, మితిమీరితే తగ్గించడం. తయారీ దాదాపు అక్కర్లేదు. ఇందులో రెండు రకాలున్నాయి, రెండింటినీ ఒక గాట కట్టకూడదు.

ఒకటి చాటుగా చేసేది. స్క్రీన్ (జీఎం ముందుండే అడ్డుతెర) వెనక క్రిటికల్‌ని మామూలు దెబ్బగా చెప్పడం, ట్రోల్ 84 దగ్గర చావాల్సింది 120కి లాగడం. దీన్ని సమర్థించే మంచి జీఎంలు చాలామందే ఉన్నారు, వాళ్ల ఉద్దేశం ప్లేయర్ల మీద ప్రేమే. అయినా నేను వద్దంటాను. చావుని ఆపిన అదే చెయ్యి గెలుపుని కూడా ఇచ్చినట్టవుతుంది. నూనె సీసాలతో మాటు వేసి ట్రోల్‌ని రెండు రౌండ్లలో కాల్చేసిన పార్టీకి ఆ రెండు రౌండ్లే బహుమతి. క్లైమాక్స్ కోసం హిట్ పాయింట్లు పెంచితే వాళ్ల ప్లాన్‌ని మనమే కొట్టేసినట్టు. ఇది ఒకసారి అనుమానంగా బయటపడితే ఇక ఏ పాచిక మీదా ఎవరికీ నమ్మకం ఉండదు.

రెండోది బహిరంగంగా చేసేది, ఇది చక్కటి పద్ధతి. రెండో గుంపు మూడో రౌండ్‌లో వస్తుందని ముందే రాసుకుని, మొదటి రౌండ్‌లోనే కొమ్ము ఊదిన శబ్దం వినిపించడం. సగం హిట్ పాయింట్లు పోయాక మాన్‌స్టర్ కొత్త దెబ్బ మొదలుపెడుతుందని, ఆ మార్పు కంటికి కనబడేలా వర్ణించడం. థర్టీన్త్ ఏజ్ అనే గేమ్‌లో ఎస్కలేషన్ డై అని ఉంటుంది. రెండో రౌండ్ నుంచి టేబుల్ మధ్యలో పెట్టిన పాచిక ఒక్కో రౌండ్‌కి ఒక్కో అంకె పెరుగుతూ ఆరు దాకా వెళ్తుంది, ప్లేయర్ల అటాక్ రోల్స్‌కి అంత కలుస్తుంది. మొదటి రెండు రౌండ్లు గట్టిగా దెబ్బలు తిన్నా, నిలబడితే గాలి తమవైపు మళ్లుతుందని అందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

అంకెలు ముట్టుకోకుండా సర్దడానికి ఇంకో మార్గం ఉంది: మాన్‌స్టర్ తీసుకునే నిర్ణయాలు. కడుపు నిండడానికి వచ్చిన ట్రోల్ ఒక గుర్రాన్ని చంపి ఈడ్చుకుపోవచ్చు, మిగతావాళ్ల జోలికి రానక్కర్లేదు. గాబ్లిన్లు బందీల కోసం డబ్బు అడగొచ్చు. ఇవి అబద్ధాలు కావు, ఆ ప్రాణి స్వభావానికి తగ్గవే. ఇక స్టాట్ బ్లాక్ మీరే తప్పు చదివారని ఫైట్ మధ్యలో తెలిస్తే, ఆట ఆపి టేబుల్‌కి చెప్పి సరిచేయండి. అది మోసం కాదు.

## చావు బదులు వేరే పణం

కొందరు ప్లేయర్లు క్యారెక్టర్‌ని ఏళ్ల తరబడి ప్రేమగా పెంచుకుంటారు. ఒక చెడ్డ రోల్‌తో అది పోతే వాళ్లు ఆటకే దూరమవుతారు. అలాంటి టేబుల్‌లో చావుని పక్కన పెట్టి వేరే నష్టాన్ని ముందు పెట్టొచ్చు. వంతెన కాపలాదారుని ట్రోల్ లాక్కెళ్తోంది, నాలుగు రౌండ్లలో దాని గుహలోకి వెళ్లిపోతుంది. పార్టీ బతకడం ఖాయం కావొచ్చు, అతను బతకడం ఖాయం కాదు.

ఇందులో ఫైట్ రుచే మారుతుంది. అందరూ చుట్టుముట్టి హిట్ పాయింట్లు కరిగించడం కాదు, ఎవరు అడ్డం పడాలి, ఎవరు అతన్ని లాగాలి, ఎవరు నిప్పు తేవాలి అని ఆలోచించాలి. కొట్టడంలో బలహీనమైన క్యారెక్టర్లకీ పని దొరుకుతుంది.

షరతు ఒక్కటే. నాలుగో రౌండ్ ముగిస్తే అతను పోవాలి. ఇంకో రౌండ్ ఇద్దాంలే అనుకుంటే మొత్తం పద్ధతి కూలిపోతుంది. దీనికి కాల్ ఆఫ్ కతూలూ అనే గేమ్ ఏడో ఎడిషన్ నుంచి ఒక అలవాటు తెచ్చుకోండి. అందులో ఫెయిలైన రోల్‌ని ప్లేయర్ మళ్లీ వేస్తానంటే, ఈసారీ ఫెయిలైతే ఏం జరగవచ్చో కీపర్ (ఆ గేమ్‌లో జీఎం) ముందే చెప్పవచ్చు. అలాగే ఫైట్ మొదట్లోనే చెప్పేయండి: "నాలుగు రౌండ్లు. ఆ తర్వాత అతన్ని మళ్లీ చూడరు." నోటితో అన్నాక వెనక్కి తగ్గడం మీకే కష్టమవుతుంది, అదే కావాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | ముందస్తు సూచన | బయటపడే దారి | దెబ్బ నిలబడటం | జీఎం శ్రమ |
|---|---|---|---|---|
| బడ్జెట్ లెక్క | తనంతట రాదు, విడిగా ఇవ్వాలి | ఫైట్ జరుగుతుందనే ఊహ, దారి తక్కువ | పాచిక మీద ఆధారం, మామూలుగా నిలుస్తుంది | ముందు మధ్యస్థం, ఆటలో తక్కువ |
| లోకాన్ని బట్టి | పద్ధతికి ప్రాణమే ఇది | చాలా, కానీ పారిపోయే రూల్ కావాలి | గట్టిగా నిలుస్తుంది | ముందు చాలా ఎక్కువ |
| చాటుగా సర్దడం | లేదు | జీఎం దయ | నిలవదు | ముందు తక్కువ, ఆటలో ఎక్కువ |
| బహిరంగంగా సర్దడం | ఆటలోనే అందుతుంది | మధ్యస్థం | నిలుస్తుంది | రెండు చోట్లా మధ్యస్థం |
| వేరే పణం | మొదట్లోనే చెప్పేస్తాం | ప్రాణానికి ఉంది, పణానికి లేదు | జీఎం మాట మీద నిలబడితేనే | ముందు మధ్యస్థం |

## ఎవరికి ఏది

మొదటిసారి నడుపుతున్నవాళ్లు బడ్జెట్‌తోనే మొదలుపెట్టండి. రూల్స్, వర్ణన, ప్లేయర్ల ప్రశ్నలు అన్నీ ఒకేసారి తలమీద పడతాయి, మాన్‌స్టర్ బలం గురించి కూడా సొంతంగా ఊహించే ఓపిక ఉండదు. ప్రతి ఫైట్‌కీ ఒక్క జాడ ముందు పెట్టడం మాత్రం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. గేమ్ ఇంకా ఎంచుకోలేదు, ఫైట్లంటే ఇష్టమంటే పాత్‌ఫైండర్ లెక్క మిమ్మల్ని తక్కువ ఇబ్బంది పెడుతుంది.

వ్యూహాలంటే పడిచచ్చే ప్లేయర్లు ఉంటే బడ్జెట్‌కి బహిరంగ సర్దుబాటు కలపండి. పాచికలన్నీ అందరి ముందే వేయండి. వీళ్లకి దయ అక్కర్లేదు, స్పష్టత కావాలి.

ఏడాది పైగా సాగే కాంపెయిన్, తిరుగుతూ అన్వేషించే లోకం మీ లక్ష్యమైతే లోకాన్ని బట్టి పెట్టడమే నా ఓటు. మూడో లెవెల్లో చుట్టుదారి పట్టించిన ట్రోల్ దగ్గరికి ఆరో లెవెల్లో ప్లేయర్లే వెతుక్కుంటూ వెళ్తారు. ఆ ఆనందం ఏ బడ్జెట్‌తోనూ రాదు.

పిల్లలు, కొత్త ప్లేయర్లు, క్యారెక్టర్ మీద బాగా మమకారం ఉన్నవాళ్లు అయితే వేరే పణం. నష్టం నిజమై ఉండాలి, కానీ ఆడుకునే మనిషి ఆటలోంచి బయటికి పోకూడదు.

ఒకే సెషన్‌లో అయిపోయే ఆట అయితే చావుకి జంకక్కర్లేదు, ఎవరూ రేపటికి దాచుకోరు. ఒకటే జాగ్రత్త, ఆట మొదటి గంటలో చనిపోయినవాళ్లు మిగతా మూడు గంటలు ఏం చేస్తారో ఆలోచించి రెండో క్యారెక్టర్ షీట్ సిద్ధంగా ఉంచండి.

తయారీకి అసలు సమయం లేనివాళ్లు చాటు సర్దుబాటు వైపు జారిపోతుంటారు. దాని బదులు నాలుగైదు మాన్‌స్టర్లకి మొరేల్ అంకెలు, ఒక్కోదానికి ఒక్క కోరిక రాసి పెట్టుకోండి. అది ఏం కావాలని వచ్చిందో తెలిస్తే ఫైట్ సగం తానే నడుస్తుంది.

## ఏ పద్ధతి ఎంచుకున్నా తేల్చుకోవాల్సిన రెండు విషయాలు

పారిపోవడం. చాలా గేమ్‌లలో ఇది పేరుకే ఉంది. ఐదో ఎడిషన్‌లో మనిషి వేగం 30 అడుగులు, ఓగర్‌కీ తోడేలుకీ 40. తిరిగి పరిగెత్తితే ఆపర్చ్యూనిటీ అటాక్ (పక్కనుంచి వెళ్లిపోతుంటే శత్రువుకి దొరికే అదనపు దెబ్బ) తగులుతుంది, తర్వాతి టర్న్‌కి అది మళ్లీ పక్కనే ఉంటుంది. ఈ లెక్క ప్లేయర్లకి బాగా తెలుసు, అందుకే చచ్చేదాకా నిలబడి కొడతారు. "పారిపోవచ్చు కదా" అని తర్వాత అనడం వల్ల లాభం లేదు. థర్టీన్త్ ఏజ్ దీనికి చాలా చక్కటి జవాబిచ్చింది. తన టర్న్‌లో ఎవరైనా పారిపోదామని ప్రతిపాదించవచ్చు, అందరూ ఒప్పుకుంటే పార్టీ పడిపోయినవాళ్లతో సహా కచ్చితంగా తప్పించుకుంటుంది, బదులుగా కథలో ఒక పెద్ద నష్టం జరుగుతుంది. ఇది ఏ గేమ్‌లోకైనా అతుకుతుంది. ఆ నష్టం ఏమిటో ప్లేయర్లు ఒప్పుకోకముందే చెప్పడం మరీ మంచిది. రోల్స్‌తోనే తేల్చాలనుకుంటే పాత బేసిక్ రూల్ ఉంది: తిండో నిధో విసిరేస్తే తరుముతున్నవి దాని దగ్గర ఆగిపోయే అవకాశం.

పడిపోయిన క్యారెక్టర్‌ని మాన్‌స్టర్ మళ్లీ కొడుతుందా? దీనికి ముందే జవాబు లేకపోతే టేబుల్‌లో మనస్పర్థలు ఖాయం. ఐదో ఎడిషన్‌లో స్పృహ తప్పిన క్యారెక్టర్‌ని పక్కనే నిలబడి కొట్టిన దెబ్బ క్రిటికల్ అవుతుంది, ఒక్కోదానికి రెండు డెత్ సేవ్‌లు ఫెయిలైనట్టు. మూడు ఫెయిలైతే చావు. అంటే రెండు తోడేళ్లు ఒక్కో కాటు వేస్తే, ఆ ప్లేయర్ టర్న్ రాకముందే అంతా అయిపోతుంది. మాన్‌స్టర్ స్వభావాన్ని బట్టి ముందే నిర్ణయించుకోండి. ఆకలిగొన్న జంతువు శరీరాన్ని ఈడ్చుకుపోతుంది, అప్పుడు వెంబడించడానికి సమయం దొరుకుతుంది. గాబ్లిన్లు నిలబడి ఉన్నవాళ్ల మీదికే తిరుగుతాయి. క్లెరిక్ రెండుసార్లు మనుషుల్ని లేపడం చూసిన తెలివైన శత్రువు మూడోసారి ఊరుకోడు, పడినవాడి మెడ మీద కత్తి పెడతాడు.

ఆ చివరిదాన్ని చేయబోతుంటే ఒక టర్న్ ముందే నోటితో చెప్పండి. "కెప్టెన్ మీ క్లెరిక్ వైపు చూశాడు, తర్వాత నేల మీదున్న ఫైటర్ వైపు చూశాడు. వచ్చే టర్న్‌లో అతను ఏం చేయబోతున్నాడో మీ అందరికీ అర్థమైంది. ఇప్పుడు మీ టర్న్." వాళ్లు అతన్ని తోసేస్తారా, ఫైటర్‌ని లాగుతారా, కత్తులు కింద పడేసి బేరానికి దిగుతారా అన్నది ఇక వాళ్ల ఇష్టం. ఎవరూ ఏమీ చేయకపోతే కత్తి దిగుతుంది.